ఎనిమిదవ యంత్రం

ఇల్లలకగానే పండుగ కాదన్న సామెత కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవారి బల్లల ముందు వేలాడదీయదగినది. ప్రోగ్రాము రాయడం ఒక పని. దానిని నిత్య వ్యవహారంలో దింపి నిలబెట్టడం వేరొక పని. మొదటిదానికి చాతుర్యం చాలు. రెండవదానికి తన పనిని తానే శంకించే బుద్ధి కావాలి. అది కొరవడితే ఏమవుతుందో 2012 ఆగస్టు 1న అమెరికాలోని నైట్ క్యాపిటల్ సంస్థకు ముప్పావు గంటలో తెలిసివచ్చింది.

అది చిన్న దుకాణం కాదు. ఆ రోజుల్లో అమెరికా షేర్ల వ్యాపారంలో సుమారు పదోవంతు దాని చేతుల మీదుగా సాగేది. ఖాతాదారుల ఆర్డర్లను చిన్న చిన్న భాగాలుగా విడగొట్టి మార్కెట్లకు పంపే బాధ్యత ఎనిమిది సర్వర్లది. చిన్న మదుపుదారుల కోసం న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజి ఆ ఉదయం ఒక కొత్త పథకం ప్రారంభిస్తోంది. అందుకు తగిన ప్రోగ్రామును జూలై 27 నుంచే సర్వర్లలో ఎక్కించసాగారు. ఆ పని చేసిన ఉద్యోగి ఏడింటిలో ఎక్కించి, ఎనిమిదవ దానిని మరిచాడు. మరొకరు సరిచూడాలన్న నియమం ఆ సంస్థలో లేదు.

పాత ప్రోగ్రాము ఒక యంత్రంలో మిగిలిపోతే వచ్చే ముప్పేమిటని పాఠకులు అడగవచ్చు. ముప్పు అటక మీద ఉంది. 'పవర్ పెగ్' అనే పాత భాగాన్ని 2003లోనే వాడడం మానేశారు గాని, తొలగించలేదు. ఎన్ని షేర్లు కొన్నదీ లెక్కపెట్టి 'ఇక చాలు' అని చెప్పే అంశాన్ని 2005లో దాని నుంచి మరొక చోటికి మార్చారు. మార్చాక పవర్ పెగ్ సరిగా నడుస్తుందో లేదో ఎవరూ పరీక్షించలేదు. వాడని వస్తువును పరీక్షించేదెవరు? పైగా, ఒకప్పుడు పవర్ పెగ్‌ను మేల్కొలిపిన మీటనే కొత్త ప్రోగ్రాముకూ వాడుకున్నారు. ఏడు యంత్రాలలో ఆ మీట కొత్త పథకాన్ని నడిపింది. ఎనిమిదవ దానిలో కుంభకర్ణుణ్ణి నిద్ర లేపింది.

తొమ్మిదిన్నరకు మార్కెట్ తెరుచుకుంది. 212 ఆర్డర్లను నెరవేర్చబోయి ఆ యంత్రాలు 45 నిమిషాలలో 154 కంపెనీల షేర్లలో 40 లక్షలకు పైగా లావాదేవీలు జరిపాయి. చేతులు మారిన షేర్లు 39 కోట్లకు పైమాటే. నష్టం 46 కోట్ల డాలర్లు దాటింది.

హెచ్చరిక లేకపోలేదు. మార్కెట్ తెరవకముందే, ఎనిమిది గంటల నుంచి, పవర్ పెగ్ పేరు చెబుతూ 97 ఈమెయిళ్లు సిబ్బందికి చేరాయి. అవి హెచ్చరికలుగా ఉద్దేశించినవి కావు. వాటిని చదివే అలవాటూ ఎవరికీ లేదు. కేక వేయవలసిన చోట యంత్రం గొణిగింది. అంతకన్నా విషాదం తరువాతిది: కంగారులో సిబ్బంది సక్రమంగా పనిచేస్తున్న ఏడు యంత్రాల నుంచి కొత్త ప్రోగ్రామును తీసివేశారు. దానితో కుంభకర్ణులు ఎనిమిది మందయ్యారు!

మరిచిన ఉద్యోగిని నిందించడం సులభం, కాని న్యాయం కాదు. ఒకే పనిని ఎనిమిదిసార్లు చేతితో చేయమంటే మనిషి ఒకసారి తప్పుతాడు. కనుకనే నేడు జాగ్రత్త తెలిసిన సంస్థలు ఆ పనిని యంత్రానికే అప్పగించి, అన్ని సర్వర్లలోనూ ఒకే ప్రోగ్రాము ఉన్నదా అని మరల యంత్రం చేతనే పోల్చి చూపిస్తాయి. కొత్తదానికి మొదట కొద్దిపాటి పనే ఇచ్చి గమనిస్తాయి. వెనుకకు మళ్లే దారిని ప్రశాంతంగా ఉన్న రోజునే నడిచి చూసుకుంటాయి. అన్నిటికన్నా ముఖ్యం, హద్దు దాటిన క్షణాన దానంతటదే ఆగిపోయే ఏర్పాటు. నైట్ సంస్థలోనూ ఆ లావాదేవీలు చేరిన ఖాతాకు 20 లక్షల డాలర్ల పరిమితి ఉండేది. ఆ పరిమితిని ఆర్డర్లు పంపే యంత్రాలతో ముడిపెట్టలేదు, అంతే.

2013 అక్టోబరులో అమెరికా షేర్ మార్కెట్ల నియంత్రణ సంస్థ దానికి కోటీ 20 లక్షల డాలర్ల జరిమానా విధించింది. అప్పటికి మూడు నెలల ముందే నైట్ క్యాపిటల్, గెట్కో అనే సంస్థతో కలిసిపోయింది.