48 అంకెల తాళపుచెవి

షోలాపురం సాఖర్‌పేట, అశోక్‌చౌకు కార్ఖానాలలో చద్దరు మీద నెమలో పువ్వో రావలెనంటే జకార్డుకు చిల్లుల అట్టలు ఎక్కించేవారు. ఆ అట్టల దండను మూలన వ్రేలాడదీస్తే పదేండ్లకైనా ఎవరైనా తీసి మళ్లీ వాడుకోవచ్చును. ఎలుక కొరికితే తప్ప దానికి భయం లేదు. ఎలక్ట్రానిక్ జకార్డు వచ్చినచోట నమూనా ఒక ఫైలై కంప్యూటరులో కూర్చున్నది. దాని ప్రక్కనే నూలు బాకీలు, కూలి లెక్కలు, అమ్మాయి పెండ్లి ఫొటోలు. ఆ పెట్టె తలుపు మూసుకుంటే ఇంటి చిట్టా ఆవర్జా అంతా లోపలే.

విండోస్ 10కు కంపెనీవారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కనుక విండోస్ 11కు మారక ఎందరికో తప్పలేదు. మారిన పిమ్మట కొన్ని యంత్రాలు నీలపు తెర చూపి, 48 అంకెల రికవరీ కీ చెప్పుమంటవి. వైరసు పట్టిందని కంగారుపడే వారున్నారు. అది బిట్‌లాకర్ అనే తాళం. 2024లో విడుదలైన 24హెచ్2 మొదలుకొని, విండోస్‌ను క్రొత్తగా ఎక్కించి మైక్రోసాఫ్టు ఖాతాతో ప్రవేశిస్తే చాలా యంత్రాలలో ఆ తాళం తనంతట తానే పడుతుంది. దొంగ చేతిలో పడిన డిస్కును ఎవరూ చదవకుండా చేయడం దాని ఉద్దేశం. మంచిదే, కాని యజమానికి గట్టిగా చెప్పకుండా తాళం వేయడమేమి పద్ధతి? ఆపైన బయోస్ మారినా, మదర్‌బోర్డు మారినా నిలదీసి కీ అడుగుతుంది.

ఫైళ్లు డిస్కులోనే ఉన్నవని ముందు మనస్సు కుదుటపరచుకోండి. బాగుచేయ వచ్చిన కుర్రవాడు ఫార్మాటు చేద్దామంటే మాత్రం ఒప్పుకోకండి. యంత్రం నడుస్తుంది గాని నమూనాలు పోతవి. తెరమీద కనిపించే కీ ఐడిని వ్రాసుకొని, ఫోనులో మైక్రోసాఫ్టు ఖాతా తెరచి, రికవరీ కీల జాబితాలో అదే ఐడి గల కీని వెదకవలెను.

అసలు చిక్కు ఇక్కడనే. ఆ ఖాతా ఎవరిది? మొదట అమర్చిపెట్టిన మేనల్లుడిదో, పుణెలో ఉద్యోగం చేస్తున్న కొడుకుదో, యంత్రం అమ్మిన దుకాణపువానిదో కావచ్చును. ఒక్కొక్కరినీ అడగండి, మొగమాటం వద్దు. దొరికితే అయిదు నిమిషాల పని. ఎక్కడా దొరకకపోతే మైక్రోసాఫ్టువారు కూడా మరొక కీ చేసి ఇవ్వలేరు. ముందు డబ్బిస్తే తెరచి ఇస్తాననే వాని మాట వినకండి.

నీలపు తెర రాక, పాస్‌వర్డు ఒక్కటే చెల్లకపోతే పని సులువు. మైక్రోసాఫ్టు ఖాతా అయితే ఫోనులోనే పాస్‌వర్డు మార్చుకోవచ్చును. తాళం పడని డిస్కును ఊడదీసి, యుఎస్‌బి పెట్టెలో అమర్చి, వేరే కంప్యూటరుకు తగిలించి ఫైళ్లు దించుకోవచ్చును. పాత ఫైళ్లు కనబడకపోతే సి డ్రైవులో విండోస్.ఓల్డ్ అనే ఫోల్డరు చూడండి. అది సాధారణంగా 10 రోజులే ఉంటుంది, తరువాత తనంతట తానే తుడుచుకుపోతుంది. కనుక రేపు మాపు అనకూడదు.

ఇంకా మారనివారు ముందుగా నమూనాలను, లెక్కలను వేరొక డిస్కులోకి ఎక్కించుకోండి. మారిన వెంటనే సెట్టింగులలో తాళం పడినదీ లేనిదీ చూచుకొని, పడివుంటే ఆ 48 అంకెలను పెద్దగా కాగితం మీద వ్రాసి ఆవర్జా మొదటి పుటకు అంటించండి. కంప్యూటరు సంచిలో పెట్టకండి.