గోడలో ఒక గూడు

"గూట్లో దీపం, నోట్లో ముద్ద" అన్న మాట మా పిల్లలకి అర్థం కాలేదు. గూడంటే పిచ్చుక గూడే అనుకున్నారు. వాళ్ళ తప్పేముంది? చూపించడానికి మన కొత్త ఇళ్ళల్లో గూడెక్కడుంది?

పేరాలలో అత్తయ్యగారి పాత ఇంటి గోడలు మూరెడు మందం. గుంట మగ్గం పక్కనే చేతికందే ఎత్తులో ఒక గూడు. అందులో కండెలు, కత్తెర, సాయంత్రమైతే దీపం. మగ్గం దగ్గర్నుంచి లేవకుండానే మావయ్యగారు చెయ్యి చాపి తీసుకునేవారట. ఇప్పుడు చీరాలలో మేముంటున్న ఇంటి లోపలి గోడలు నాలుగున్నర అంగుళాలే. హాలుకి అడ్డంగా జిప్సం బోర్డు గోడ కట్టించి, ఒక పక్క అత్తయ్యకి, ఇంకో పక్క మా వాడి చదువుకి గదులు చేశాం.

గది ఇచ్చాం కదా అని గొప్పగా అనుకున్నాం. కానీ ఆవిడ కళ్ళజోడు, మాత్రల డబ్బా, నీళ్ళ గ్లాసు అన్నీ ఒక్క కుర్చీ మీదే. ఎవరైనా వచ్చి కూర్చుంటే అవి మంచం మీదికి. ఒక తెల్లవారుజామున కళ్ళజోడు కోసం తడుముకుంటూ ఆవిడ పడబోయారు. "ఏం లేదమ్మాయ్, పాత ఇంట్లో చెయ్యి పెడితే దొరికేవి" అన్నారు. నాకు సిగ్గేసింది.

మా వారు బల్ల కొందామన్నారు. అంత చిన్న గదిలో బల్ల పెడితే నడిచే దారి పోతుంది. అర బిగిస్తే మంచం మీంచి లేచేటప్పుడు తలకి తగులుతుంది. గూడే కావాలని నేను పట్టుబట్టాను.

నిజానికి ఇది పెద్ద పనేం కాదు. జిప్సం గోడ లోపల బోలుగా ఉంటుంది. రెండు వైపులా అరంగుళం బోర్డు, మధ్యలో సుమారు రెండడుగులకొకటి ఇనుప స్టడ్. ఆ స్టడ్‌ని కొయ్యకూడదు. అయస్కాంతం ఆనించి చూస్తే స్క్రూలు ఎక్కడున్నాయో, దాన్నిబట్టి స్టడ్ ఎక్కడుందో తెలిసిపోతుంది. మెయిన్ ఆపి, వైర్లు లేవని చూసుకుని, రెండు స్టడ్‌ల మధ్య బోర్డు కోయించాం. పైనా కిందా అడ్డంగా చానల్ బిగించి, లోపల బోర్డుతోనే పెట్టెలా కట్టి, అతుకులకి టేపు వేసి పుట్టీ పెట్టారు.

అయితే గోడ మందంలో రెండున్నర అంగుళాల లోతే వస్తుంది. గ్లాసు పట్టాలంటే అటువైపుకి మూడంగుళాలు పొడుచుకు రావాలి. మా వాడు మొహం మాడ్చుకున్నాడు. "నా గదిలోకెందుకు?" అన్నాడు. ఇంట్లో ఒకరికి చోటు కావాలంటే ఇంకొకరు కాస్త జరగాల్సిందే. ఆ జరిగేది ఎప్పుడూ ముసలివాళ్ళూ ఆడవాళ్ళే అయితే ఎలా? ఈసారి వాణ్ణి జరగమన్నాను.

ఇది చదివి ఇటుక గోడలు మాత్రం తొలిపించకండి. సన్న గోడ బలం పోతుంది. స్లాబు మోసే గోడైతే ఇంజనీరుని అడక్కుండా ముట్టుకోవద్దు. తడికి బోర్డు మెత్తబడుతుంది కాబట్టి బాత్రూం గోడకీ వద్దు. జిప్సం గూట్లో నూనె దీపం అసలే వద్దు, బోర్డుకి పైనున్నది కాగితమే. ఆ మాట చెబితే అత్తయ్య చిన్నబుచ్చుకున్నారు. బ్యాటరీ దీపం తెచ్చిపెట్టాను. "ఇదేం దీపమే" అంటూనే రోజూ సాయంత్రం వెలిగిస్తున్నారు.

ఒక్క లోటుంది. ఆ చోట చప్పుడు ఆపే గ్లాస్‌వూల్ తీసేయాల్సి వచ్చింది. రాత్రి ఆవిడ దగ్గితే మా వాడికి వినిపిస్తోంది. మొన్న చదువుకుంటున్నవాడే లేచి వెళ్ళి చూసొచ్చాడు. అందుకని నేను దాన్ని లోటనడం మానేశాను.

ఈ రాత్రి దీపాలార్పే ముందు, మీ ఇంట్లో పెద్దవాళ్ళ కళ్ళజోడు ఎక్కడుందో ఒకసారి చూడండి. కుర్చీ మీదో నేల మీదో ఉంటే, మీరు వాళ్ళకి గది ఇచ్చారు గానీ చోటివ్వలేదన్నమాట.