క్రీడాకారిణికీ కూలి లెక్క ఉంటుంది

అమెరికా బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి బ్రిట్నీ గ్రైనర్‌ను 2022 ఫిబ్రవరి 17న మాస్కో విమానాశ్రయంలో పట్టుకున్నారు. సామానులో గంజాయి నూనె ఉందన్నది కేసు. తొమ్మిదేళ్ల శిక్ష పడింది. డిసెంబర్ 8న ఖైదీల మార్పిడిలో బయటపడింది. ఆ పది నెలలూ మీడియా రెండు దేశాల రాజకీయాలే మాట్లాడింది. మనం అడగాల్సింది మరొకటి ఉంది. రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన మనిషి ఇంకో దేశానికి పనికి ఎందుకు పోవాల్సి వచ్చింది?

కూలి కోసం. సొంత దేశపు లీగ్‌లో ఆమె ఏడాది జీతం సుమారు 2.2 లక్షల డాలర్లు. రష్యాలోని యెకాటెరిన్‌బర్గ్ క్లబ్ 10 లక్షల డాలర్లకు పైగా ఇచ్చేదని వార్తలొచ్చాయి. అమెరికా మగవాళ్ల లీగ్‌లో పెద్ద ఆటగాళ్లు కోట్ల డాలర్లు అందుకుంటారు. మహిళల లీగ్‌లో అత్యధికులు నల్లజాతి స్త్రీలు. ఎవరి శ్రమకు ఎంత వెల కడతారన్న ప్రశ్న మనకు కొత్తది కాదు.

అదే 2022లో మన తెలంగాణ బిడ్డ కూడా విదేశీ క్లబ్‌కు వెళ్లింది. నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండాకు చెందిన గుగులోత్ సౌమ్య క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ ఫుట్‌బాల్ క్లబ్‌లో చేరింది. తర్వాత తిరిగొచ్చి ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. ఆ జట్టు 2024-25 ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. ఆ ఏడాది దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా సమాఖ్య సౌమ్యనే ఎంపిక చేసింది.

మరి ఇక్కడి కూలి ఎంత? లీగ్‌లోని ఒక్కో జట్టు కనీసం పదిమంది భారత క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షల రూపాయల ఒప్పందం ఇవ్వాలని సమాఖ్య 2023లో ప్రకటించింది. అంటే నెలకు 27 వేల లోపు. ఆ పదిమందిలో లేనివారికి ఆ హామీ కూడా లేదు. మోకాలు దెబ్బతింటే ఆటే ఆగిపోతుంది.

ఎస్సీ రిజర్వుడ్ నియోజకవర్గమైన అందోల్‌లోని మా జోగిపేట నుంచి చూస్తే ఈ లెక్క ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీల్లో కాంట్రాక్టు షిఫ్టులు చేసే తల్లిదండ్రులు ఒక్కటే అడుగుతారు: "ఆటల పెడితే బిడ్డ బతుకుతదా?" ఆ ప్రశ్నను వెనకబాటుతనమని తీసిపారేయొద్దు. రేపటి కూలికి భరోసా లేని ఇంటికి అది న్యాయమైన ప్రశ్న.

మన ప్రభుత్వాలు పతకం వచ్చాక పలుకుతాయి. దినకూలీల బిడ్డ దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచాక రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఉద్యోగం ప్రకటించింది. అది ఆమె హక్కు. కానీ పతకం దాకా చేరలేక మధ్యలోనే ఆగినవాళ్లకు ఏముంది? పైగా కులం కాచుకొని ఉంటుంది. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో మహిళల హాకీ జట్టు సెమీఫైనల్ ఓడగానే, హరిద్వార్ దగ్గర వందనా కటారియా ఇంటి ముందు కులం పేరుతో దూషించారు.

2025 జూలై 19న అమెరికా లీగ్ ఆల్‌స్టార్ మ్యాచ్‌కు ముందు క్రీడాకారిణులు తమ బాకీ తమకివ్వాలన్న నినాదమున్న టీషర్టులు వేసుకొచ్చారు. వాళ్లకు సంఘం ఉంది. సంఘంగానే బేరమాడారు.

మన విద్యార్థి సంఘాలు, కార్మిక సంఘాలు క్రీడలనూ శ్రమగా చూడాలి. గురుకులాల్లో శాశ్వత కోచ్‌లు, గాయాలకు బీమా, లీగ్‌లో ప్రతి క్రీడాకారిణికీ కనీస వేతనం అడగాలి. జోగిపేట తల్లి ప్రశ్నకు జవాబు చెప్పాల్సింది ప్రభుత్వం, క్రీడా సమాఖ్యలు. చెప్పించాల్సింది మనం.