కుక్కల పందేలు: గాయాలు లెక్కపెట్టిన చోట మూతపడుతున్నాయి.. లెక్కలేని పంజాబ్ మాటేమిటి?

గ్రేహౌండ్స్ అనగానే తెలుగువాళ్లకు ముందు గుర్తొచ్చేది కుక్క కాదు, పోలీసు బలగం. నక్సలైట్లను ఎదుర్కొనేందుకు 1989లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పాటైన ఆ దళానికి వేగానికి, వెంటాడే గుణానికి పేరుపడ్డ జాతి కుక్క పేరు పెట్టారు. అసలు గ్రేహౌండ్ కుక్కల గురించి మనకు తెలిసింది తక్కువ. ఆ వేగం మీద ప్రపంచంలో ఒక పెద్ద పందేల వ్యాపారం నడిచింది. ఇప్పుడు అది ఒక్కో దేశంలో మూతపడుతోంది.

2024 డిసెంబర్ 10న న్యూజిలాండ్ ప్రభుత్వం గ్రేహౌండ్ రేసింగ్‌ను నిషేధిస్తామని ప్రకటించింది. సర్దుకోవడానికి 20 నెలల గడువిచ్చి, 2026 జులై ఆఖరుతో ముగించాలని నిర్ణయించింది. ప్రకటించిన మంత్రి విన్‌స్టన్ పీటర్స్ జంతు హక్కుల ఉద్యమం నుంచి వచ్చిన మనిషి కాదు. గుర్రప్పందేల పరిశ్రమకు ఏళ్లుగా అండగా ఉన్న నాయకుడు. ఎంత సంస్కరించినా గాయాల శాతం తగ్గడం లేదు కాబట్టి ఇక ఆపక తప్పదన్నది ఆయన చెప్పిన కారణం. అంతకుముందు ఎనిమిదేళ్ల వ్యవధిలో, 2013, 2017, 2021 సంవత్సరాల్లో, అక్కడ మూడు సమీక్షలు జరిగాయి. ప్రతిసారీ పరిశ్రమకు ఇంకో అవకాశం ఇచ్చారు. చివరికి లెక్కలే తీర్పు చెప్పాయి.

ఆ రోజు ఇంకో పని కూడా చేశారు. నిషేధం వస్తోందని తెలిశాక యజమానులు పనికిరాని కుక్కలను చంపేస్తారేమోనన్న భయంతో, అలా చంపడాన్ని నేరం చేసే చట్టాన్ని పార్లమెంటులో అత్యవసరంగా ఆమోదించారు. సుమారు 2,900 కుక్కలకు కొత్త ఇళ్లు వెతకాలన్నది అప్పటి అంచనా.

గాయాలు ఎందుకు తగ్గవో అర్థం కావాలంటే ట్రాక్ ఆకారం చూడాలి. గంటకు 60 కిలోమీటర్లు దాటే వేగంతో ఆరు లేదా ఎనిమిది కుక్కలు ఒకేసారి బయల్దేరతాయి. అన్నీ ఒకే యంత్రపు ఎర వెంట పడతాయి. ట్రాక్ కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, పరుగు ఎప్పుడూ ఎడమవైపుకే తిరుగుతుంది. మొదటి మలుపు దగ్గర అన్నీ లోపలి అంచు కోసం ఒకదాన్నొకటి రాసుకుంటాయి. ఒకటి తూలితే వెనక వచ్చేవి దాని మీద పడతాయి.

గుద్దుకోకపోయినా ముప్పు తప్పదు. 2005లో లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ శాస్త్రవేత్తలు ‘నేచర్’ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. మలుపులో పరుగెత్తే మనిషి కాలు నేల మీద ఉంచే సమయాన్ని పెంచుకుని, వేగం తగ్గించుకుంటాడు. గ్రేహౌండ్ అలా చేయదు. అదే వేగంతో తిరుగుతుంది, కాళ్ల మీద బలం 65 శాతం పెరిగినా భరిస్తుంది. ఒక్కసారికి ఫరవాలేదు. వారంలో ఒకటి రెండు సార్లు, నెలల తరబడి, ఒకే దిక్కుకు తిరిగితే ఎముక లోపల సన్నని పగుళ్లు పేరుకుంటాయి. అందుకే రేసు కుక్కల వైద్యులకు బాగా తెలిసిన గాయం కుడి వెనక కాలి మడమ దగ్గర చిన్న ఎముక విరగడం. ఎడమకు తిరిగేటప్పుడు బయటివైపు ఉండే కాలు అదే.

దీనికి పరిష్కారం లేదని కాదు. ఆస్ట్రేలియాలో న్యూసౌత్‌వేల్స్ రేసింగ్ సంస్థే సిడ్నీ టెక్నాలజీ యూనివర్సిటీ ఇంజినీర్లతో అధ్యయనం చేయించింది. ట్రాక్‌లు తిన్నగా వేయండి, ఎనిమిది బదులు ఆరు కుక్కలతోనే పరిగెత్తించండి అని వాళ్లు చెప్పారు. కానీ ఉన్న స్టేడియాలన్నీ గుండ్రటివి. ప్రేక్షకుడి కళ్లముందు పందెం తిరగాలి. పందెం కాసేవాడికి ఎన్ని కుక్కలుంటే అంత ఆసక్తి. గాయం తగ్గించే ప్రతి మార్పూ వ్యాపారాన్ని దెబ్బతీసేదే కావడం ఈ ఆట చిక్కు.

బ్రిటన్ లెక్కలు చూద్దాం. ఇంగ్లాండ్‌లో 2010 నిబంధనల ప్రకారం పశువైద్యుడు లేకుండా రేసు జరపకూడదు, గాయాల రికార్డు ఉండాలి. నియంత్రణ సంస్థ ఏటా అంకెలు ప్రచురిస్తోంది. 2018లో 4,963 గాయాలు, ట్రాక్ మీద 242 మరణాలు నమోదయ్యాయి. 2022 నాటికి ఆ మరణాలు 99కి తగ్గాయి. పరిశ్రమ దీన్ని గొప్పగా చెప్పుకుంది, చెప్పుకోదగ్గదే. తర్వాత 2023లో 109, 2024లో 123 అయ్యాయి. 2024లో గాయాలు 3,809.

పరిశ్రమ వాదన ఏమిటంటే, మొత్తం పరుగుల్లో గాయపడింది 1.07 శాతమే కదా అని. వినడానికి చిన్న అంకె. అది ఒక్క పరుగుకు లెక్క. కుక్క మాత్రం ఒక్కసారి పరిగెత్తి ఇంటికి పోదు. ఏడాదిలో 30 సార్లు పరిగెత్తిందనుకుంటే, అదే రేటున ఆ ఏడాదిలో కనీసం ఒక్కసారైనా గాయపడే అవకాశం నాలుగింట ఒక వంతు దాటుతుంది. 50 సార్లయితే 40 శాతం దాటుతుంది. ఇందులో నాలుగు రోజుల్లో మానిపోయే బెణుకులూ ఉంటాయి, నిజమే. అయినా ఒకటి, నలభై ఒకే రికార్డులోంచి వచ్చిన అంకెలు. ఏది ప్రెస్ నోట్‌లో పెడతారన్నదే తేడా.

ట్రాక్ బయట జరిగేది ఇంకా పెద్ద కథ. గ్రేహౌండ్ పన్నెండేళ్ల దాకా బతుకుతుంది, పందెంలో ఉండేది మాత్రం రెండు మూడేళ్లు. ఏటా కొత్తవి కావాలి కాబట్టి అవసరానికి మించి పెంచుతారు. ఆస్ట్రేలియాలో 2015 ఫిబ్రవరిలో ఏబీసీ టీవీ ‘ఫోర్ కార్నర్స్’ కార్యక్రమం ఒక రహస్యాన్ని బయటపెట్టింది. శిక్షణ కోసం బతికున్న పందిపిల్లలను, కుందేళ్లను ఎరకు కట్టి కుక్కలతో చీల్పిస్తున్నారు. ఆ తర్వాత మాజీ న్యాయమూర్తి మైఖేల్ మెక్‌హ్యూ విచారణ జరిపారు. 12 ఏళ్లలో న్యూసౌత్‌వేల్స్‌లో 48,891 నుంచి 68,448 దాకా కుక్కలను, వేగం చాలదన్న కారణంతో చంపేసి ఉంటారని 2016లో నివేదిక ఇచ్చారు. రెండు అంకెల మధ్య దాదాపు ఇరవై వేల తేడా ఉండటమే ఆ రికార్డుల తీరు చెబుతుంది. ఐర్లాండ్‌లో 2019లో ఆర్‌టీఈ చానల్ చూపించిన పరిశ్రమ సొంత నివేదిక ప్రకారం అక్కడ వేగం లేదని చంపేసినవి ఏడాదికి సుమారు 6,000.

మెక్‌హ్యూ నివేదిక తర్వాత న్యూసౌత్‌వేల్స్ ప్రీమియర్ మైక్ బెయిర్డ్ 2016 జులైలో నిషేధం ప్రకటించి, అక్టోబర్‌లో వెనక్కి తీసుకున్నారు. పల్లె ఓటర్లు, సొంత కూటమి భాగస్వాములు, ఒక ఉప ఎన్నిక భయం. మూడు నెలల్లో కథ ముగిసింది. లెక్క ఉంటే న్యాయం జరిగిపోతుందని చెప్పలేం. కనీసం ప్రభుత్వం తప్పించుకుంటే, దేన్నుంచి తప్పించుకుందో జనానికి తెలుస్తుంది.

అమెరికాలో డబ్బు కోణం స్పష్టంగా బయటపడింది. ఫ్లోరిడాలో కుక్కల రేసులకు ఆదరణ పోయి చాలాకాలమైంది. కానీ పేకాట గదుల లైసెన్సు నిలవాలంటే రేసులు జరపాల్సిందేనన్న నిబంధన ఉండేది. ఖాళీ స్టాండ్ల ముందు కుక్కలు పరిగెత్తేవి. మరణాల వివరాలు 2013 నుంచి నమోదు చేయాల్సి వచ్చాక, దాదాపు మూడు రోజులకో కుక్క చనిపోతోందని తేలింది. 2018 నవంబర్‌లో ఓటింగ్ పెడితే 69 శాతం మంది నిషేధానికి ఓటేశారు. ఇప్పుడు అమెరికా మొత్తంలో పశ్చిమ వర్జీనియాలోని రెండు ట్రాక్‌లే మిగిలాయి. ఆస్ట్రేలియాలోని టాస్మానియా 2029 మధ్యకల్లా ఆపేస్తామంది. వేల్స్ ప్రభుత్వం 2025 సెప్టెంబర్‌లో నిషేధ బిల్లు పెట్టింది.

ఇక్కడిదాకా చెప్పింది గాయానికి రికార్డు ఉన్న దేశాల సంగతి. ఆ దేశాల్లో అక్కర్లేని కుక్కలు, వాటి సంతానం ఎటు పోతాయన్నదే మనకు సంబంధించిన విషయం. మకావులోని కెనిడ్రోమ్ ఒక ఉదాహరణ. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన కుక్కలు అక్కడే పరిగెత్తి అక్కడే చనిపోయేవి, ప్రాణంతో బయటికెళ్లే దారి దాదాపు ఉండేది కాదు. 2018 జులైలో అది మూతపడేనాటికి 500కు పైగా కుక్కలు మిగిలాయి. మరో దారి పాకిస్థాన్‌కు. ఐర్లాండ్ నుంచి అక్కడికి గ్రేహౌండ్‌ల ఎగుమతి మీద ఐరోపా జంతు సంక్షేమ సంఘాలు ఏళ్లుగా ఆందోళన చేస్తున్నాయి. పాకిస్థానీ పంజాబ్ పల్లెల్లో బతికున్న కుందేలును వదిలి కుక్కలను ఉసిగొల్పే పందేలు ఇంకా జరుగుతున్నాయి.

సరిహద్దుకు ఇటువైపు పంజాబ్‌లోనూ శీతాకాలం వస్తే ‘కుత్తియాఁ దియాఁ దౌడాఁ’ మొదలవుతాయి. లూధియానా దగ్గరి కిలా రాయ్‌పూర్ గ్రామీణ క్రీడల్లో ఎడ్లబండ్లతో పాటు ఇవీ పేరున్న ఆటలే. ఒకప్పుడు ప్రాణమున్న కుందేలును వదిలేవారు. చట్టం భయంతో చాలాచోట్ల దాని స్థానంలో తీగకు కట్టి యంత్రంతో లాగే బొమ్మ వచ్చింది. ట్రాక్‌లు ఎక్కువగా పొలాల మధ్య తిన్నగా వేసిన మట్టి బాటలే. మలుపులు లేవు కాబట్టి సిడ్నీ ఇంజినీర్ల లెక్కన గాయాలు తక్కువే ఉండాలి. ఉన్నాయో లేదో చెప్పగలిగే రికార్డు మాత్రం లేదు. విరిగిన కాలుతో వెళ్లిన కుక్క ఏమైందో యజమానికి తప్ప ఎవరికీ తెలియదు.

చట్టం ఏమంటోంది? 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం వినోదం కోసం ఒక జంతువును ఇంకోదానికి ఎరగా చేయడం నేరం. కుందేలుకు వన్యప్రాణి చట్టం రక్షణ అదనం. బొమ్మ ఎరతో పరిగెత్తించే పందెం విషయంలోనే చట్టం పట్టు సడలుతుంది. ప్రదర్శనలకు వాడకూడని జంతువుల జాబితాను కేంద్రం 1991లో ప్రకటించినప్పుడు ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలతో పాటు కుక్కలూ ఉన్నాయి. 1998లో జాబితా మారింది. సింహాలు చేరాయి, కుక్కలు పోయాయి. అందువల్ల కుక్కను జనం ముందు ప్రదర్శనకు పెట్టడం నిషేధం కాదు, 2001 నిబంధనల కింద జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు చేయించాలి. పొలంలో జరిగే పందేనికి ఆ కాగితం అడిగేదెవరు? నేరం రుజువైనా 11వ సెక్షన్ కింద మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. 1960లో అది డబ్బే. జరిమానాలు వేలల్లోకి పెంచే ముసాయిదాను కేంద్రం 2022 నవంబర్‌లో ప్రజల ముందు పెట్టింది. చట్టం కాలేదు.

రాజకీయ గాలి కూడా అటువైపు లేదు. జల్లికట్టు, కంబళ, ఎడ్లబండి పందేలకు వీలిచ్చే రాష్ట్రాల సవరణలను 2023 మే 18న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. 2025 జులైలో పంజాబ్ అసెంబ్లీ ఎడ్లబండి పందేల కోసం సవరణ బిల్లును ఆమోదించింది. రేపు కుక్కల పందేలకూ సంప్రదాయమన్న ముద్ర అడిగితే ఆశ్చర్యం లేదు. సుప్రీంకోర్టు తీర్పులో అందరూ మరిచే ఒక సంగతి ఉంది. ఆ సవరణలు, వాటి కింద తెచ్చిన నిబంధనలు జంతువుల బాధను తగ్గిస్తాయన్న ప్రాతిపదిక మీదే కోర్టు వాటిని ఒప్పుకుంది, ఆ నిబంధనలను కచ్చితంగా అమలు చేయాలని చెప్పింది. వైద్యుడు, తనిఖీ, నమోదు లేకుండా కేవలం ‘మా సంప్రదాయం’ అంటే ఆ తీర్పు నీడలోకి రాలేరు.

మనమూ ఈ విషయంలో పంజాబ్‌ను వేలెత్తి చూపలేం. ఆంధ్రప్రదేశ్‌లో కోడిపందేలు ఆపాలని హైకోర్టు ఆదేశాలున్నా సంక్రాంతి మూడు రోజులూ గోదావరి జిల్లాల్లో బరులు నిండుతాయి. పండగ మర్నాడు పత్రికల్లో ఎన్ని కోట్లు చేతులు మారాయన్న అంచనాలు తప్పక వస్తాయి. కత్తి కట్టిన కోళ్లలో ఎన్ని పోయాయన్న అంకె ఎప్పుడైనా చదివామా?

పంజాబ్‌లో నిషేధం మాట పక్కన పెట్టినా ప్రభుత్వం ఇప్పటికే ఉన్న నిబంధనలతో చేయగలిగింది కొంత ఉంది. పందెం నిర్వాహకుల నుంచి జంతు సంక్షేమ మండలి నమోదు పత్రం అడగొచ్చు. మైదానంలో ప్రభుత్వ పశువైద్యుడిని ఉంచి, కుక్కకు మైక్రోచిప్ ఉందో లేదో చూసి, ఏ కుక్క ఏ కాలికి గాయమైందో రాయించొచ్చు. ఆ పుస్తకాన్ని సీజన్ చివర్లో జిల్లా జంతు హింస నివారణ సంఘానికి పంపించొచ్చు. బ్రిటన్‌లో మొదలైంది ఇంచుమించు ఇలాగే. అప్పుడు ప్రభుత్వం తెచ్చింది నిబంధనలే, నిషేధం కాదు. న్యూజిలాండ్‌లోనూ మొదటి సమీక్ష సంస్కరణల కోసమే జరిగింది. పంజాబ్‌లో అలాంటి పుస్తకంలో మొదటి పేజీ ఇంకా తెరవలేదు.