రెండు గడుల పట్టికలో ఇమడని దేవతలు

ప్రాచీన గ్రీకు దేవతల గురించి బడిపిల్లలు కలిసి చేసే ప్రాజెక్టు పని తుళ్లూరులోనైనా, గుంటూరులోనైనా, ఒంగోలులోనైనా చాలావరకు ఒకే అచ్చులో తయారవుతుంది. చార్టు కాగితం మధ్యలో స్కెచ్ పెన్నుతో నిలువుగీత గీసి, ఎడమవైపు ‘గ్రీకు దేవుడు’ అనీ కుడివైపు ‘మన దేవుడు’ అనీ రాసి, జియస్‌కు ఎదురుగా ఇంద్రుణ్ణి, పొసైడన్‌కు ఎదురుగా వరుణుణ్ణి, అపోలోకు ఎదురుగా సూర్యుణ్ణి, ఎథీనాకు ఎదురుగా సరస్వతిని, హేడీస్‌కు ఎదురుగా యముణ్ణి నిలిపి, నెట్‌లో దొరికిన రంగుల బొమ్మలు అంటించి, అడుగున నలుగురైదుగురు పేర్లు రాస్తే పరిశోధన పూర్తయినట్టే.

ఈ పట్టిక వెనుక ఉన్న అభిప్రాయం బడి గోడలు దాటి సమాజంలో వేళ్లూనుకున్నది. ప్రాచీన జాతులన్నీ కొలిచిన దేవతలు పేర్లు వేరైనా ఒక్కరేననీ, ఆ పేర్లకు ఇక్కడి పేర్లు సరిపెట్టగలిగితే గ్రీకుల మతం అర్థమైనట్టేననీ చదువుకున్నవారు కూడా నమ్ముతారు. వారిలో కొందరు ఇంకో అడుగు ముందుకు వేసి, గ్రీకులకు దేవతలను అరువిచ్చింది మనమేనని తేల్చేస్తారు. తెలిసినదాని నుంచి తెలియనిదానికి నడిపించడమే బోధన గనుక పట్టిక పిల్లలకు మేలే చేస్తుందన్నది ఉపాధ్యాయుల సమర్థన. ఆ సూత్రంలో తప్పు లేదు గానీ, ఈ పట్టిక దాన్ని పాటించదు. పిల్లలకు నిజంగా తెలిసిన దేవతలకు అందులో చోటు లేదు, గ్రీకులు నిజంగా కొలిచిన దేవతలకూ లేదు.

మొదటి వరుసతోనే పరీక్ష మొదలుపెట్టవచ్చు. జియస్ చేతిలో పిడుగు ఉంటుంది, ఇంద్రుడి చేతిలో వజ్రాయుధం ఉంటుంది, ఇద్దరూ దేవతల రాజులే. పట్టికకు ఇంతకంటే ఆధారం అక్కర్లేదు. కానీ క్రీస్తుకు పూర్వం 700 ప్రాంతంలో హీసియడ్ అనే కవి చెప్పిన దేవతల పుట్టుపూర్వోత్తరాల కావ్యం ‘థియోగనీ’ ప్రకారం, యురేనస్‌ను అతడి కొడుకు క్రోనస్, క్రోనస్‌ను అతడి కొడుకు జియస్ కూలదోశాక, మళ్లీ తనను కూలదోసే కొడుకు పుట్టకుండా జియస్ గర్భవతి అయిన తన భార్య మేటిస్‌నే మింగేసి, అధికారం చేతులు మారే పరంపరను తనతోనే ఆపేస్తాడు. పురాణాల్లో ఇంద్రత్వం ఒక పదవి. మన్వంతరం మారితే ఆ పీఠం మీద మరొకరు కూర్చుంటారు, ఈలోగా రాక్షసులో తపస్సంపన్నులో దాన్ని కదిలిస్తూనే ఉంటారు. ఒలింపియాలో జియస్‌కు మహాలయం కట్టి, శిల్పి ఫిడియస్ చేత పెద్ద విగ్రహం చేయించి, నాలుగేళ్లకొకసారి ఆ దేవుడి పేరనే క్రీడలు జరిపారు. ఇంద్రుడికి ఆంధ్రదేశంలో గుడి కోసం వెతకవలసి వస్తుంది. భాషాశాస్త్రం నిరూపించిన బంధుత్వం జియస్‌కు ఒకటి ఉన్నమాట నిజమే, అయితే అది ఇంద్రుడితో కాదు, ఋగ్వేదంలోని ద్యౌష్పితతో, అంటే తండ్రిగా భావించిన ఆకాశంతో. వేదకాలానికే వెనక్కి తగ్గిన ఆ దేవుడి బొమ్మ నెట్‌లో సులువుగా దొరకదు కాబట్టి కాబోలు, నిజమైన చుట్టం పట్టికలోకి రాలేదు.

అపోలో వరుస ఇంతకంటే అధ్వానం. హోమర్ కావ్యాల్లో సూర్యుడు హీలియస్ అనే వేరే దేవుడు. అపోలోను సూర్యుడితో కలిపి చూడటం క్రీస్తుపూర్వం 5వ శతాబ్దం నుంచి కనబడి, ఆ తర్వాత మెల్లగా బలపడిన సంగతి. ‘ఇలియడ్’ మొదటి సర్గలో అపోలో వచ్చేది వెలుగు పంచడానికి కాదు, తెగులు తేవడానికి. తన పూజారి క్రైసిస్‌ను గ్రీకు సేనాని అగమెమ్నాన్ అవమానించి పంపితే, ఆ పూజారి మొర విని దిగివచ్చిన దేవుడు ముందు కంచరగాడిదల మీదా కుక్కల మీదా, తర్వాత మనుషుల మీదా తొమ్మిది రోజుల పాటు బాణాలు వేస్తాడు. శిబిరంలో చితులు ఆరవు. చివరకు సోదెగాడు కాల్కస్ కారణం చెప్పి, పూజారి కూతుర్ని అప్పగించి, నూరు ఎడ్ల బలి ఇచ్చి, రోజంతా పాటలు పాడాక గాని ఆ కోపం చల్లారదు. తెచ్చినవాడే తీసుకుపోతాడు.

కృష్ణ ఒడ్డు పల్లెల్లో పెరిగిన పిల్లకు ఈ కథ వినగానే గుర్తుకు రావలసింది సూర్యుడు కాదు, పోలేరమ్మ. ఒంటి మీద పొక్కులు లేస్తే ‘అమ్మవారు పోసింది’ అనడం, వాకిట్లో వేపమండలు కట్టడం, నయమయ్యాక వేపాకు వేసిన నీళ్లు పోయడం, ఊరికి ఆపద వచ్చిందనుకున్నప్పుడు కొలుపు చేసి అమ్మను పొలిమేర దాటించి సాగనంపడం ఇవన్నీ ఆ పిల్ల పుస్తకంలో చదివినవి కావు, ఇంట్లో చూసినవో అవ్వ నోట విన్నవో. రోగం తెచ్చే శక్తీ మాన్పే శక్తీ ఒక్కచోటే ఉంటాయన్న ఊహ ఆ పిల్లకు కొత్త కాదు. మద్రాసు బిషప్‌గా పనిచేసిన హెన్రీ వైట్‌హెడ్ 1916లో దక్షిణ భారత గ్రామదేవతల మీద వెలువరించిన పుస్తకంలో తెలుగు జిల్లాల కొలుపుల వర్ణనలు విస్తారంగా ఉన్నాయి. ఒక తరగతి పిల్లలు పంచుకొని చదవడానికి అది చాలు, రాసినవాడి మతాభిమానాన్ని పక్కన పెట్టి చదవగలిగితే.

పోలేరమ్మే అపోలో అని ఇప్పుడు కొత్త గడి గీయడం మళ్లీ అదే తప్పవుతుంది. పోలిక దొరికిన చోటే అసలు ప్రశ్నలు మొదలవుతాయి. పోలేరమ్మ ఒక ఊరి దేవత, పొలిమేర ఆమె సరిహద్దు. అపోలోకు డెల్ఫీలో, డీలోస్ దీవిలో ఎన్నో గ్రీకు నగరాలు కానుకలు పంపే క్షేత్రాలుండేవి. కొలుపులో ఏ కులానికి ఏ పని అన్నది కట్టుబాటు. గ్రీకు నగరాల్లో పూజారి పదవి కొన్నిచోట్ల వంశపారంపర్యం, కొన్నిచోట్ల చీటీ తీసి ఎంపిక, మరికొన్నిచోట్ల ఏకంగా వేలంపాట. ఈ తేడా ఎందుకని అడిగిన విద్యార్థి గ్రీకు నగరం గురించీ తెలుసుకుంటాడు, తన ఊరి గురించీ తెలుసుకుంటాడు. సూర్యుడి బొమ్మ అంటించినవాడికి రెండూ దక్కవు.

ఊరి నడుమ పసుపూ కుంకుమా పెట్టి కొలిచే బొడ్రాయి విషయమూ అంతే. డెల్ఫీలో ఒక రాతిని భూమికే బొడ్డుగా భావించి పూజించారన్న సంగతి విన్నప్పుడు పల్లెటూరి విద్యార్థి ఉలిక్కిపడక మానడు. అయితే బొడ్రాయి ఒక్కో ఊరికీ ఒక్కోటి, ఆ ఊరి పుట్టుకకు గుర్తు. డెల్ఫీ రాయి లోకమంతటికీ ఒక్కటే, జియస్ రెండు దిక్కుల నుంచి వదిలిన రెండు గద్దలు ఎగిరి కలుసుకున్న చోటని దాని కథ. ఏథెన్స్ రేవు పిరేయస్‌లో దొరికిన క్రీస్తుపూర్వం 4వ శతాబ్దపు రాతిఫలకాలు ఇంకా విచిత్రమైనవి. చుట్టలు చుట్టి పడగెత్తిన పెద్ద పామును చెక్కి, పైన ‘జియస్ మైలికియస్’ అని పేరు రాశారు. మైలికియస్ అంటే ప్రసన్నం చేసుకోదగినవాడు. పిడుగు పట్టిన రాజుగానే జియస్‌ను ఎరిగిన పట్టిక ఈ పాము రూపాన్ని ఎక్కడ పెడుతుంది? నాగులచవితినాడు చలిమిడీ చిమ్మిలీ పట్టుకెళ్లి పుట్టలో పాలు పోసిన పిల్లవాడి దగ్గర మాత్రం దాని గురించి అడగడానికి బోలెడు ప్రశ్నలుంటాయి.

ఎథీనాను సరస్వతి పక్కన నిలిపేవారు ఆమె చేతి బల్లేన్నీ, రొమ్ము మీది గోర్గాన్ రాక్షసి తలనూ చూడనట్టే నటిస్తారు. ఏటా జరిగే పానథీనియా ఉత్సవంలో ఏథెన్స్ ప్రజలు ఆమెకు సమర్పించింది పుస్తకం కాదు, పెప్లస్ అనే ఉన్నివస్త్రం. పేరున్న కుటుంబాల నుంచి ఎంపికైన ఏడు నుంచి పదకొండేళ్ల లోపు బాలికలు ఆ నేతను ఆరంభించేవారు. రాక్షసాకారులైన జైగాంట్‌లతో దేవతలు చేసిన యుద్ధం ఆ బట్టలో చిత్రంగా ఉండేది. పత్తి పండే నేల మీద, మంగళగిరి మగ్గాలకు కూతవేటు దూరంలో ఉన్న బడిలో ఈ సంగతి పిల్లలకు చెప్పకపోవడం కంటే వింత ఉండదు. తామరతూళ్ల నూలుతో దేవతలకు బట్ట నేశాడని పద్మశాలీలు చెప్పుకునే తమ మూలపురుషుడు భావనారుషి కథనూ, ఏథెన్స్ బాలికల నేతనూ పక్కపక్కన పెట్టి, నేత ఒకచోట కులవృత్తిగా, మరోచోట ప్రతి ఇంటి ఆడవారి పనిగా ఎందుకు ఉందని అడిగితే అది పరిశోధన.

పేర్లు సరిపెట్టడం దేశాభిమానమని భావించేవారు దాని వంశవృక్షాన్ని కూడా చూడాలి. ఈజిప్టు అమున్‌ను జియస్ అనీ, ఒసైరిస్‌ను ద్రాక్షసారాయి దేవుడు డయనైసస్ అనీ క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలోనే గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. చంద్రగుప్త మౌర్యుడి కొలువుకు వచ్చిన గ్రీకు రాయబారి మెగస్తనీస్ మధుర ప్రాంతంలో కొలిచే దేవుణ్ణి హెరక్లీస్ అన్నాడు. ఎక్కడికి వెళ్లినా తమ దేవతలనే చూడటం గ్రీకుల అలవాటు. ఆధునిక కాలంలో భారతీయ దేవతలకు ఆ పద్ధతిని వర్తింపజేసి 1784లో గ్రీసు, ఇటలీ, భారతదేశాల దేవతల మీద వ్యాసం రాసింది కలకత్తాలోని ఆంగ్లేయ న్యాయమూర్తి విలియం జోన్స్. ఆయన లెక్కలో వినాయకుడు రోమన్ల జానస్, రాముడు డయనైసస్, కృష్ణుడు అపోలో. అపోలో ఆనాడు కృష్ణుడై ఈనాడు సూర్యుడయ్యాడంటేనే ఈ పద్ధతికి కొలబద్ద ఏదీ లేదని తేలిపోతోంది. రెండేళ్ల తర్వాత సంస్కృత, గ్రీకు, లాటిన్ భాషల బంధుత్వం గురించి అదే జోన్స్ చెప్పిన మాట నిలబడింది, ఎందుకంటే దాన్ని తర్వాతివారు ధ్వనిసూత్రాలతో పరీక్షించగలిగారు. దేవతల జతలు అలా నిలబడలేదు.

కుడివైపు గడి మీద ఉన్న ‘మన’ అన్న మాట కూడా ప్రశ్నించదగినదే. గుంటూరు, ప్రకాశం జిల్లాల ఏ తరగతి గదిలోనైనా గుడికి వెళ్లే పిల్లలతో పాటు చర్చికీ మసీదుకూ వెళ్లే పిల్లలూ ఉంటారు. విడ్డూరమేమిటంటే, ఈ జిల్లాల ఇళ్లలో గ్రీకు దేవతల పేర్లున్న తెలుగు పుస్తకం ఏదైనా ఉంటే అది చాలావరకు బైబిలే. అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయంలో, కుంటివాడు నడవడం చూసిన లుస్త్ర పట్టణపు జనం బర్నబాను ద్యుపతి, అంటే జియస్ అనీ, పౌలును హెర్మే, అంటే హెర్మీస్ అనీ పిలిచి, ఎడ్లనూ పూలదండలనూ తెచ్చి బలికి సిద్ధపడతారు. 19వ అధ్యాయంలో ఎఫెసు అర్తెమిదేవి గుడి బొమ్మలు అమ్ముకునే వెండిపనివారు తమ బతుకు పోతుందని అల్లరి చేస్తారు. గ్రీకు దేవతలు ఊరి వ్యాపారంతో, ఊరి పౌరుషంతో ఎలా ముడిపడి ఉండేవారో చూపే ఈ కథ తెలిసిన పిల్ల ఆ బృందంలోనే కూర్చుని, ‘మన దేవుడు’ గడిలో ఏం రాయాలో తెలియక ఊరుకుంటోంది.

ఈ నేలకు గ్రీకు రూపాలతో నిజంగానే పరిచయం ఉంది, దాని సాక్ష్యాలు తుళ్లూరుకు పడమటగా కృష్ణా నది వెంబడే ఉన్నాయి. అమరావతి స్తూపం ప్రాకారపు పైవరుసలో, లావైన పూలదండను భుజాల మీద మోసుకుపోయే యువకుల వరుసకు గ్రీకు, రోమన్ శిల్పాల్లో దండలు మోసే రెక్కల పసివాళ్లతో చుట్టరికం ఉందని కళాచరిత్రకారులు గుర్తించారు. ఇక్కడికి వచ్చేసరికి వాళ్ల రెక్కలు పోయాయి, పేర్లు పోయాయి, కొలువు బుద్ధుడిదయింది. నాగార్జునకొండ స్తంభం మీద గడ్డంతో, పైబట్ట లేకుండా, కొమ్ము ఆకారపు పానపాత్ర పట్టుకొని నిలబడ్డ మనిషిని కొందరు డయనైసస్ అంటారు. అయితే ఆ బొమ్మ కింద పేరు చెక్కిలేదు, కొమ్ముపాత్ర ఇరానీయులకూ ఉంది, పక్కన ద్రాక్షసారాయి దేవుడి పరివారమూ లేదు. రూపం ప్రయాణించినంత మాత్రాన దేవుడు ప్రయాణించినట్టు కాదని పాఠం చెప్పడానికి ఇంతకంటే దగ్గరి బొమ్మ దొరకదు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన అమరావతి శిల్పాలూ, పెప్లస్ సమర్పణగా ఎక్కువమంది పండితులు భావించే, ఏథెన్స్‌లోని ఎథీనా గుడి పార్థినాన్ తూర్పు ఫలకమూ ఈనాడు లండన్‌లోని ఒకే బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

ఇక కలిసి చేయడం మాట. బృందంగా చేసే పనిలో ఒకరు రాస్తే మిగతావారు పేర్లు ఎక్కించుకుంటారన్న ఫిర్యాదు సమంజసమే, కానీ ఆ దోషం బృందానిది కాదు, వాదానికి తావివ్వని పట్టికది. సమాధానం ముందే తెలిసిన గడి నింపడానికి ఒక్కరు చాలు. అపోలో సూర్యుడా, తెగులు దేవుడా అన్నది తేల్చడానికి మాత్రం ఇలియడ్ మొదటి సర్గ చదివినవారు ఒకరు, ఊళ్లో పెద్దవాళ్లను అడిగి కొలుపు వివరాలు రాసుకొచ్చినవారు ఒకరు, అమరావతి మ్యూజియంలో శిల్పం ముందు నిలబడి చూసినవారు ఒకరు, ఎఫెసు కథ తెలిసినవారు ఒకరు కావాలి. వారిలో ఒకరు చెప్పింది మరొకరు ఒప్పుకోకపోతే పని సవ్యంగా సాగుతున్నట్టు.

కాబట్టి ఉపాధ్యాయులు రాబోయే విద్యాసంవత్సరం నుంచి ‘గ్రీకు దేవుడు, మన దేవుడు’ అన్న పట్టికకు మార్కులు వేయడం మానుకోవాలి. దాని బదులు ఒక్క దేవతనే ఇచ్చి, ఆ దేవతకు ఏ ఊరివారు, ఏ నెలలో, ఏం పెట్టి, ఎవరి చేత పూజ చేయించారో రాయమని, బృందంలో ఏకాభిప్రాయం కుదరని విషయాన్ని ఇరువైపుల ఆధారాలతో సహా విడిగా రాయమని అడగాలి. మార్కుల్లో సగం ఆ చివరి పేజీకే ఇవ్వాలి.