పాడుబడిన తీగకు బాధ్యులెవరు?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానంలో వేలాది విద్యుత్ స్తంభాలను నేలకూల్చింది. కూలినవాటి స్థానంలో కొత్తవి లేచాయి. మరి వాడుక పోయినా నిలిచి ఉన్న స్తంభాల, వేలాడే తీగల లెక్క ఎవరి వద్ద ఉంది?

2025 ఆగస్టులో హైదరాబాదు రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో ఐదుగురు విద్యుదాఘాతానికి బలయ్యాకే అక్కడ స్తంభాలపై కేబుళ్ల తొలగింపు ఊపందుకుంది. తీగకు మతభేదం లేదు. రేపు మీలాదున్నబీ ఊరేగింపులో జెండా పట్టిన బిడ్డకూ అదే ప్రమాదం. మహానగరమే మరణాల తర్వాత మేల్కొంటే, కంచిలి వంటి ఊళ్ల గతేమిటి?

వాడుకలో లేని ప్రతి స్తంభానికీ, తీగకూ యజమాని ఎవరో, తొలగింపు గడువెప్పుడో పంచాయతీ గోడపై ప్రకటించాలని మేము కోరుతున్నాం. ఇది దయాభిక్ష కాదు. విద్యుత్ ప్రమాదాల నుంచి ప్రజలను కాపాడే నిబంధనలకు 2003 విద్యుత్ చట్టం 53వ సెక్షనే ఆధారం. జనాజా లేవకముందే ఆ తీగ దిగాలి.