వెనక స్ప్రింగు తరుగు

ప్రొద్దుటూరు బంగారం అంగట్లో తరుగు దగ్గర గంటసేపు వాదించే మనం, సైకిలు షాపులో నోరెత్తమేం? ముందూ వెనకా స్ప్రింగులున్నదే గొప్పదని షాపువాడంటే తలూపడమేనా? తొక్కే కాలిబలంలో కొంత ఆ వెనక స్ప్రింగే మింగేస్తుంది. అదీ తరుగే కదమ్మా! పైగా బరువు, కీళ్లు, మరమ్మతులు.

గండికోట రాళ్లలో జోరుగా దిగేవాళ్లకి అది కావాలి, కాదనను. జమ్మలమడుగులోనో పులివెందులలోనో కాలేజీకెళ్లే పిల్లలకి ముందు స్ప్రింగు చాలదూ? లావు టైర్లలో గాలి కాస్త తగ్గిస్తే గతుకులూ అంతగా తెలియవు.

అసలు నా కోపం వేరు. అబ్బాయి పంతానికి రెండు స్ప్రింగులది కొని, అమ్మాయిని బస్సుకోసం ఎండలో నిలబెట్టే ఇళ్లు నేనెరుగుదును. ఆ వెనక స్ప్రింగు ఖరీదు మిగిల్చి అమ్మాయి సైకిలుకి జమ వేయండి. దానికీ కాళ్లున్నాయి, వెళ్లవలసిన చోట్లున్నాయి!